వణుకు వంశచరిత్ర

1994లో హార్లే-డేవిడ్సన్ కంపెనీ అమెరికా ట్రేడ్‌మార్కుల కార్యాలయంలో ఒక దరఖాస్తు పడేసింది. పేరూ గుర్తూ ఎప్పుడో నమోదై ఉన్నాయి. ఈసారి అడిగింది చప్పుడు. వీ ఆకారంలో రెండు సిలిండర్లుండి, రెండింటికీ కలిపి ఒకే క్రాంక్‌పిన్ను ఉన్న మా ఇంజను తిరిగేటప్పుడు సైలెన్సర్లోంచి వచ్చే మోత మా సొత్తు, ఇంకొకడి బండి ఆ మోత మోగించకూడదు అని దాని సారాంశం. త్యాగరాజస్వామి అన్ని వందల కీర్తనలు కట్టి కూడా ఒక్క రాగం తనదనలేదు. మిల్వాకీ ఊరి హార్లే వాళ్ళకు అంత మొహమాటం లేదు. తొమ్మిది కంపెనీలు అడ్డం పడ్డాయి. ఆరేళ్ళపాటు లాయర్లు పొగగొట్టం శబ్దం మీద వాదోపవాదాలు రాసుకున్నారు. 2000లో హార్లే తన దరఖాస్తు తనే వెనక్కి తీసేసుకుంది.

అమెరికన్ల చెవికి ఆ మోత 'పొటాటో, పొటాటో, పొటాటో' అని వినబడుతుందట. దీని దుంప తెగ, నూరేళ్ళు దాటిన ఇంజనీరింగ్ చరిత్ర చివరికి దుంప దగ్గర తేలింది! సరే, ఆ మోత ఎక్కడ పుట్టిందో, దాన్ని ఎవరెవరు ఎలా కాపాడుకొచ్చారో, దాని పక్కనే పుట్టిన మేలైన ఇంజన్లు ఏమైపోయాయో చూద్దాం.

పుట్టుకలో మర్మమేమీ లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి పదేళ్ళలో మోటారు సైకిలంటే అక్షరాలా మోటారు తగిలించిన సైకిలే. 1903లో మిల్వాకీలో విలియం హార్లే, ఆర్థర్ డేవిడ్సన్ ఇంటి పెరట్లో పదడుగులకు పదిహేనడుగుల చెక్క కొట్టంలో మొదలుపెట్టిన బండీ అంతే, పెడళ్ళతో సహా. కొన్నేళ్ళకు ఒక సిలిండరు బలం జనానికి చాల్లేదు. కొత్త ఇంజను మొదట్నుంచీ గీయడానికి తీరికా లేదు, డబ్బూ లేదు. ఉన్న సిలిండరు వెనకే, ఒకే క్రాంక్‌కేసు మీద, 45 డిగ్రీల ఎడంలో రెండోదాన్ని నిలబెట్టారు. సైకిలు చట్రంలో అంతకు మించిన వెడల్పు పట్టదు మరి. రెండు పిస్టన్లకు రెండు పిన్నులంటే ఇంజను మందం పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. కాబట్టి ఒకే పిన్ను. ఒక కనెక్టింగ్ రాడ్డు అడుగుభాగాన్ని రెండుగా చీల్చి, ఆ చీలిక మధ్యలో రెండో రాడ్డును దూర్చారు.

మోత పుట్టింది అక్కడ. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేలోగా ఒక్కో సిలిండరు ఒక్కోసారి పేలాలి. సమంగా పంచితే 360కి ఒకటి. ఈ ఇంజనులో ఆ పంపకం కుదరదు. ఒకటి పేలిన 315 డిగ్రీలకు రెండోది పేలుతుంది. మళ్ళీ మొదటిదాని వంతు రావాలంటే 405 డిగ్రీలు ఆగాలి. ఒకే రోట్లో ఇద్దరు వడ్లు దంచుతుంటే ఒకామె రోకలి పైకి లేవకముందే రెండో ఆమె పోటు పడి, ఆ తర్వాత ఇద్దరూ ఒక్క క్షణం మొహామొహాలు చూసుకుని మళ్ళీ మొదలుపెడితే ఎలా ఉంటుందో, అదీ లయ.

ఈ లయతోపాటు మరికొన్ని లాంఛనాలు వచ్చాయి. రెండు సిలిండర్లను 90 డిగ్రీల్లో పెడితే ఒకదాని అదురును రెండోది చాలామటుకు మింగేస్తుంది. ఇటలీలో డుకాటీ, మోటో గుజ్జీ ఆ దారినే పోయాయి. 45 డిగ్రీల్లో ఆ సౌకర్యం లేదు, అదురంతా హ్యాండిలు దాకా, అక్కణ్ణుంచి మోచేతి దాకా వస్తుంది. ముందు సిలిండరు వేడెక్కించిన గాలే వెనక సిలిండరుకు అందుతుంది కాబట్టి అది ఎప్పుడూ మరికాస్త ఉడుకుతూ ఉంటుంది. చాలా ఏళ్ళపాటు ఇద్దరికీ ఒకే జత పాయింట్లు, ఒకే కాయిలు: ఒక సిలిండర్లో నిప్పు అవసరమైనప్పుడు రెండోదాంట్లో కూడా ఉత్తపుణ్యానికి రవ్వ రాలేది.

1909లో ఇవేవీ తప్పులు కావు. చేతిలో ఉన్న సరుకుతో పని జరుపుకున్న తెలివి, అంతే. పైగా ఆ ఏడాది తెచ్చిన మొదటి వీ-ట్విన్ను సరిగా నడవనే లేదు. లోపలికి గాలి తీసుకునే వాల్వు పిస్టను పీల్పుకే తెరుచుకోవాలి. దానికి బుద్ధి పుడితే తెరుచుకునేది. తోలు బెల్టును బిగించే ఏర్పాటు లేక అది జారిపోయేది. పాతికా పరకా బళ్ళు కట్టి, 1910లో దాన్ని పక్కన పెట్టి, 1911లో ఆ లోపాలు దిద్ది మళ్ళీ తెచ్చారు. ఇంతవరకూ మిల్వాకీ వాళ్ళకు నమస్కారమే. చేసిన తప్పు తెలుసుకుని దిద్దుకున్న ఆఖరి ఘట్టం అదేనేమో అనిపించడమే నా బాధ. ఆ తర్వాత ఆ 45 డిగ్రీలు అవసరం నుంచి అలవాటుగా, అలవాటు నుంచి ఆచారంగా, ఆచారం నుంచి అపౌరుషేయంగా మారిపోయాయి. చట్రం సైకిలు చట్రం కాకుండా పోయి ఎన్నాళ్ళయినా కోణం కదలలేదు.

అమెరికాలో వేరే ఇంజను గీసేవాళ్ళు లేకనా? 1907లోనే గ్లెన్ కర్టిస్ అనే మహానుభావుడు గాలిఓడల కోసం చేసిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును రెండు చక్రాల మీద పెట్టి, ఫ్లోరిడాలో ఆర్మండ్ బీచి ఇసుక మీద గంటకు 136 మైళ్ళ వేగం అందుకున్నాడు. బండి చట్రం ఆ తాకిడికి తట్టుకోలేదు, ఆయన మాత్రం తట్టుకుని విమానాల వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. 1912లో డెట్రాయిట్‌లో హెండర్సన్ సోదరులు నాలుగు సిలిండర్లను వరసగా పేర్చి, అదురన్నది తెలియని బండి చేశారు. ఆ ఏడాదే దాని మీద బయల్దేరి ఒకాయన భూమి చుట్టి వచ్చాడు. 1914 ప్రాంతంలో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో తయారైన సైక్లోన్ బండికి క్యామ్‌షాఫ్టు సిలిండరు నెత్తి మీదే ఉండేది, పళ్ళచక్రాల, నిలువు షాఫ్టుల సాయంతో తిరిగేది. హార్లే మామూలు రోడ్డు బళ్ళ క్యామ్‌లు నెత్తికెక్కడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పైనే పట్టింది. సైక్లోన్ ఒకట్రెండేళ్ళలో మూతబడింది. అప్పుడు కొనే దిక్కులేదు, ఇప్పుడు మిగిలిన కొద్ది బళ్ళకు వేలంలో లక్షల డాలర్లు పోస్తున్నారు. బతికున్నప్పుడు చూడనివాళ్ళే తద్దినం ఘనంగా పెడతారన్నది మన దగ్గరే అనుకునేవాణ్ణి.

హెండర్సన్ కంపెనీని కొన్న ఇగ్నాజ్ ష్విన్ అసలు వ్యాపారం సైకిళ్ళు. 1931లో, ఆర్థికమాంద్యం ముదురుతోందని లెక్కగట్టుకుని, బళ్ళు బాగా అమ్ముడుపోతుండగానే మోటారు సైకిళ్ళ తయారీని ఒక్కరోజులో ఆపేశాడు. లాస్ ఏంజెలెస్‌లో ఆల్ క్రాకర్ 1936లో ఓవర్‌హెడ్ వాల్వులతో, అంటే వాల్వులు సిలిండరు నెత్తి మీద ఉండే పద్ధతిలో, ఒక వీ-ట్విన్ను చేశాడు. హార్లే గానీ, దాని పోటీ కంపెనీ ఇండియన్ గానీ ఈ బండిని దాటితే మీ డబ్బు వాపసు అని హామీ ఇచ్చేవాడని, ఎవరూ వాపసు అడగలేదని చెప్పుకుంటారు. వంద బళ్ళ లోపే ఆ కథా ముగిసింది.

ఇక ఇండియన్. 1901లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డులో జార్జి హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ పెట్టిన ఈ కంపెనీ హార్లే కంటే రెండేళ్ళు పెద్దది, వీ-ట్విన్ను కూడా ముందే అమ్మింది. దాని కోణం 42 డిగ్రీలు. అంటే బండిలో ఇమడ్చడానికి మరో మూడు డిగ్రీలు నొక్కారు. 1911లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ సీనియర్ పందెంలో మొదటి మూడు స్థానాలూ ఇండియన్‌వే; బ్రిటిష్ వాళ్ళ గడప మీదే వాళ్ళను ఓడించిన ఘనత అది. తర్వాత చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐర్లండ్ ఇంజనీరు 1920లో స్కౌట్, 1922లో చీఫ్ గీశాడు. వాల్వులు సిలిండరు పక్కనే నిలబడే ఫ్లాట్‌హెడ్ పద్ధతిలో అంతకంటే చక్కటి ఇంజను కష్టం. అక్కడే వచ్చింది చిక్కు. చక్కగా ఉంది కదా అని స్ప్రింగ్‌ఫీల్డు వాళ్ళు పెద్ద బళ్ళలో అదే పద్ధతిని పట్టుకుని 1953లో కంపెనీ మూసేదాకా వదల్లేదు.

ఫ్లాట్‌హెడ్ అంటే ఏమిటో ఒక ముక్కలో: పెట్రోలు ఆవిరి సిలిండరు పక్క నుంచి లోపలికి దూరి, మలుపు తిరిగి, మండి, మళ్ళీ మలుపు తిరిగి బయటికి పోవాలి. మండే చోటు వెడల్పు, కాబట్టి గట్టిగా నొక్కడానికి వీల్లేదు, బలం తక్కువ. చవక, మొండి, నాసిరకం పెట్రోలు పోసినా నోరెత్తదు, పొలంలో కూర్చుని స్పానరుతో విప్పుకోవచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో హార్లే డబ్ల్యూఎల్ఏ బళ్ళు ఎనభై తొంభై వేలు పోయి పనిచేశాయంటే ఆ మొండితనమే కారణం. దాన్ని ఎవరూ కాదనరు.

అదే యుద్ధంలో సైన్యం ఇంకో సంగతి కూడా చూపించింది. ఎడారిలో గొలుసు ఇసుకకు అరిగిపోతోంది, షాఫ్టు పెట్టిన బండి కావాలంది. హార్లే వాళ్ళు జర్మన్ బీఎండబ్ల్యూ ఆర్71ని ముందు పెట్టుకుని, సిలిండర్లు చెరో పక్కకూ చాపిన ఎక్స్ఏ అనే బండిని దాదాపు వెయ్యి కట్టారు. రెండు సిలిండర్లకూ సమంగా గాలి తగిలింది, ఆయిలు చల్లగా ఉంది, అదురు పోయింది. ఇండియన్ వాళ్ళు అదే పిలుపుకు 841 చేశారు: 90 డిగ్రీల వీ, చట్రానికి అడ్డంగా. పాతికేళ్ళ తర్వాత ఇటలీలో మోటో గుజ్జీ అలాంటి అమరికతోనే పేరు తెచ్చుకుంది. ఈలోగా సైన్యానికి జీపు దొరికింది. ఎక్స్ఏ, 841 రెండూ అటకెక్కాయి. చల్లగా, నున్నగా నడిచే ఇంజను సొంత ఫ్యాక్టరీలో సొంత చేతుల్తో కట్టి, నడిపి చూసి, మళ్ళీ వేడిగా, వణుకుతూ నడిచేదాని దగ్గరికి వెళ్ళడానికి చాలా నిగ్రహం ఉండాలి.

నిగ్రహానికి తోడు నిబంధన కూడా కలిసొచ్చింది. 1934లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ క్లాస్ సీ అనే పందేల పద్ధతి పెట్టింది. మాంద్యం రోజులు, ఖరీదైన రేసు బళ్ళు కొనే స్తోమత ఎవరికీ లేదు, మామూలు బళ్ళతోనే పందేలు జరగాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అందులో ఒక లెక్క రాశారు: పక్క వాల్వుల ఇంజనయితే 750 సీసీ దాకా ఉండొచ్చు, ఓవర్‌హెడ్ వాల్వులదయితే 500 సీసీ దాటకూడదు. 750 పక్క వాల్వులు ఎవరు చేస్తారు? మిల్వాకీ, స్ప్రింగ్‌ఫీల్డు. 500 ఓవర్‌హెడ్ ఎవరు చేస్తారు? సముద్రం అవతల బ్రిటిష్ వాళ్ళు. చదువులో వెనకబడ్డ పిల్లాడికి యాభై శాతం గ్రేసు మార్కులిచ్చే ఈ నిబంధన 35 ఏళ్ళు నడిచింది. మార్కులు పుచ్చుకున్నవాడు దాన్ని దేశభక్తి అన్నాడు.

ఇంత చేసినా 1949 నుంచి 1952 దాకా వరసగా నాలుగేళ్ళు డేటోనా 200 పందెంలో 500 సీసీ నార్టన్లే గెలిచాయి. మిల్వాకీ రెండు జవాబులు తయారు చేసుకుంది. ఒకటి, దిగుమతి బళ్ళ మీద 40 శాతం సుంకం వెయ్యమని ప్రభుత్వ టారిఫ్ కమిషన్ను వేడుకుంది. కమిషన్ ససేమిరా అంది. రెండు, 1952లో సరికొత్త కె మోడల్ తెచ్చింది. సరికొత్త బండిలో ఇంజను? పక్క వాల్వులే. ఆ కె నుంచి పుట్టిన కేఆర్ రేసు బండిని అక్కడి ఇంజనీర్లు అరగదీసి, సానబట్టి, గాలి దారులు మార్చి మార్చి ఎక్కడికో తీసుకెళ్ళారు. 1968, 1969 డేటోనాలను కాల్ రేబర్న్ దాని మీదే గెలిచాడు. మనిషి చంద్రుడి మీద దిగిన ఏడాది ఫ్లాట్‌హెడ్ ఇంజను ఒక జాతీయస్థాయి పందెం గెలిచిందంటే ఆ ఇంజనీర్ల ప్రతిభకు చేతులెత్తి మొక్కాలి. అంత ప్రతిభను అంత తప్పుడు దారిలో అంతకాలం నడిపించినవాళ్ళకు ఏం చెయ్యాలో పాఠకుల ఇష్టానికి వదిలేస్తున్నాను. ఆ తర్వాత నిబంధన మారింది, గ్రేసు మార్కులు పోయాయి. 1970లో ఎక్స్ఆర్-750 ఇనప హెడ్లతో వచ్చి ఉడికిపోయింది. 1972లో అల్యూమినియం హెడ్లు వేశారు. అంతే, అమెరికన్ మట్టి ట్రాకుల మీద దశాబ్దాలపాటు దాన్ని కొట్టినవాడు అరుదు. అండ తీసేశాక వాళ్ళే అంత మంచి రేసు ఇంజను చేశారు. దీన్నిబట్టి అండ ఎవరికి మేలు చేసిందంటారు?

పెద్ద బళ్ళ వంశం వేరే. 1936లో హార్లే తొలిసారి పెద్ద రోడ్డు బండికి ఓవర్‌హెడ్ వాల్వులు పెట్టింది, 61 ఘనపుటంగుళాల ఈఎల్. అంతకు ముందు ఇంజనులోకి పోసిన ఆయిలు తిరిగొచ్చేది కాదు, కొంత కాలేది, మిగతాది దారిపొడవునా రాలేది. ఈ ఇంజను నుంచి ఆయిలు మళ్ళీ ట్యాంకుకే చేరేలా చేశారు. తొలి బళ్ళలో మాత్రం హెడ్ల దగ్గర కారి పాత ఆనవాయితీని నిలబెట్టింది. హెడ్ మూత చూసి జనమే పేర్లు పెట్టారు: పిడికిలి కణుపుల్లా ఉందని నకుల్‌హెడ్, 1948లో వచ్చింది బోర్లించిన పళ్ళెంలా ఉందని ప్యాన్‌హెడ్, 1966లో వచ్చింది పారలా ఉందని షవల్‌హెడ్. పేర్లు మూతల మీద పడటంలో జనం తెలివి ఉంది. ఎందుకంటే ప్రతిసారీ మారింది పైసగమే. నకుల్ అడుగు మీద ప్యాన్ తల, ప్యాన్ అడుగు మీద షవల్ తల, 1984లో షవల్ అడుగు మీద ఎవల్యూషన్ తల. పైవాడు మారుతుంటాడు, కిందివాడు మొయ్యాలి. మన సచివాలయం పద్ధతే. ఇక మూడు చక్రాల సర్వీకార్ బండిలో ఏ తలా మారలేదు. 1929లో పుట్టిన ఫ్లాట్‌హెడ్ 1973 దాకా అందులో పోలీసు ఉద్యోగం చేసి, సర్వీసు నిండాకే దిగింది.

ఇప్పుడు జపాన్ అధ్యాయం. ఇది వినేటప్పుడు కాస్త గట్టిగా కూర్చోవాలి. మాంద్యం రోజుల్లో డబ్బు కటకటై హార్లే వాళ్ళు తమ బండి నమూనాలు, పనిముట్లు, అచ్చులు, తయారుచేసే హక్కు అన్నీ జపాన్‌లో సాంక్యో అనే కంపెనీకి ఇచ్చారు. టోక్యో షినగావాలో ఫ్యాక్టరీ పెట్టి వాళ్ళు రికువో పేరుతో అచ్చం హార్లేలు కట్టుకున్నారు. 1950ల చివరిదాకా ఆ పేరు బతికింది. అంటే పెద్ద బండిని వరస పెట్టి ఫ్యాక్టరీలో కట్టడం జపాన్‌కు నేర్పిన గురువుల్లో మిల్వాకీ ఒకటి. ఆ దేశం ఏం చేసిందంటే, రికువోను మర్యాదగా మూసేసి, గురువు చెప్పనిది కూడా చదువుకుంది. 1969లో హోండా సీబీ750 వచ్చింది: నాలుగు సిలిండర్లు, నెత్తి మీద క్యామ్, సెల్ఫ్ స్టార్టు, ముందు డిస్కు బ్రేకు, అమెరికాలో ధర పదిహేను వందల డాలర్ల లోపు. ఆయిలు కారదు. అదే ఏడాది హార్లేను ఏఎంఎఫ్ అనే కంపెనీ కొనేసింది. అది బౌలింగ్ ఆట సామాను కూడా చేసే సంస్థ, బళ్ళు ఎన్ని వస్తే అంత మంచిదనుకుంది. ఎన్ని వచ్చాయో అన్నీ కారాయి.

1981లో పదముగ్గురు అధికారులు కలిసి అప్పు చేసి కంపెనీని వెనక్కి కొనుక్కున్నారు. ధైర్యమైన పనే. రెండేళ్ళకు మళ్ళీ ప్రభుత్వం తలుపు తట్టారు. ఈసారి తలుపు తెరుచుకుంది. స్వేచ్ఛా వాణిజ్యం మీద రోజుకో ఉపన్యాసమిచ్చే రీగన్ గారే 1983లో 700 సీసీ దాటిన దిగుమతి బళ్ళ మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి 49.4 శాతానికి పెంచారు, ఐదేళ్ళలో మెట్లు మెట్లుగా దించే షరతు మీద. జపాన్ వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. 750 ఇంజన్లను కాస్త చెక్కి 700 లోపుకు దించి ఓడలెక్కించారు. కస్టమ్స్ అధికారి సీసీలు లెక్కపెట్టుకున్నాడు, కుర్రకారు వేగం లెక్కపెట్టుకుంది. ఎవల్యూషన్ ఇంజను ఆయిలు కారకుండా నడవడంతో హార్లే నిలబడింది. 1987లో మాకిక సుంకం అక్కర్లేదని తనే చెప్పి గొప్పగా చప్పట్లు కొట్టించుకుంది. 2018లో అదే సుంకం విద్య యూరప్ నేర్చుకుని హార్లేల మీద 6 శాతాన్ని 31 చేసేసరికి, యూరప్ బళ్ళను అమెరికా బయట కట్టుకుంటామని కంపెనీ ప్రకటించింది. దేశభక్తికి కూడా లాభనష్టాల పట్టిక ఉంటుంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం హోండాది. 1980ల్లో హోండా షాడో అనే వీ-ట్విన్ను చేసింది. ఇంజనీర్లు సహజంగానే ఒకే పిన్ను బదులు రెండు పిన్నులను ఎడంగా పెట్టి అదురు తీసేశారు. బండి మెత్తగా నడిచింది. అమ్మకాలవాళ్ళు తలపట్టుకున్నారు. ఊహించుకోండి: "సార్, వణుకు పోయిందండీ." "పోగొట్టమని ఎవరడిగారయ్యా నిన్ను?" 1995లో షాడో 1100 అమెరికన్ క్లాసిక్ ఎడిషన్ వచ్చింది. అందులో ఒకే పిన్ను. బలం తగ్గింది, వణుకు పెరిగింది, మోత దుంప పలికింది. ప్రపంచంలో అతి నున్నటి ఇంజన్లు చేసే కంపెనీ, చేతనైన పనిని కావాలని మరిచిపోయి, తప్పును తూచా తప్పకుండా చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హార్లే ఆ తప్పు మా సొంతమని ట్రేడ్‌మార్కు గుమ్మంలో నిలబడింది.

మంచి ఇంజను మీద మిల్వాకీకి మోజు లేదనడం మాత్రం అన్యాయం. రహస్యంగా ఉంది. 1970ల చివర జర్మనీ పోర్షే వాళ్ళతో నోవా అనే పేరుమీద నీళ్ళతో చల్లబడే నాలుగు సిలిండర్ల వీ ఇంజను చేయించారు. డబ్బు చాలక ఇంజనును మూలపడేసి, దానికోసం గీసిన గాలి తొడుగును మాత్రం తీసి పాత వీ-ట్విన్నుకు తగిలించి అమ్మారు. 2001లో మళ్ళీ పోర్షే సాయంతోనే వీ-రాడ్: 60 డిగ్రీలు, నీటి చల్లదనం, నెత్తి మీద జంట క్యామ్‌లు, 115 హార్స్‌పవర్. దొడ్డ ఇంజను. సంప్రదాయవాదులు ఎగాదిగా చూసి ఇది హార్లే కాదు పొమ్మన్నారు. వాళ్ళ మాటలో తప్పేముంది? తొంభై ఏళ్ళు వాళ్ళకు నేర్పించింది ఎవరు?

చచ్చిన ఇండియన్ కథ ఇంకా వింత. 1953 తర్వాత పేరు మాత్రం చేతులు మారింది. 1955 నుంచి కొన్నేళ్ళు ఇంగ్లండులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డులకు ఇండియన్ అని బిళ్ళ కొట్టి అమెరికన్లకు అమ్మారు. అదే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా మొదలైంది. అంటే ఒకే ఇంగ్లీషు అమ్మ బిడ్డల్లో ఒకడు పేరుకు ఇండియన్ అయి అమెరికా వెళ్ళాడు, ఇంకొకడు నిజంగానే ఇండియన్ అయి మన పాలవాడి దాకా వచ్చాడు. అసలైన ఇండియన్ ఇంజనును ఆ సమయంలో ఎవరు చూసుకున్నారంటారా? న్యూజిలండులో బర్ట్ మన్రో అనే పెద్దాయన. 1920 నాటి స్కౌట్‌కు ఇంట్లోనే పిస్టన్లు పోత పోసుకుని, 1967లో బాన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 184 మైళ్ళ రికార్డు పెట్టాడు. ఆయనకు హెరిటేజ్ విభాగం లేదు, రేకుల షెడ్డు ఉంది.

2011లో పొలారిస్ ఆ పేరు కొని 2013లో థండర్ స్ట్రోక్ 111 ఇంజను దించింది. ఇది ఓవర్‌హెడ్ వాల్వుల ఇంజను, పొగదారి పైనే హెడ్లో ఉంటుంది. పాత ఫ్లాట్‌హెడ్లో వాల్వులు పక్కన కింద ఉండేవి కాబట్టి గొట్టం కిందినుంచి వచ్చేది. కొత్త దాంట్లో ఆ అవసరం లేకపోయినా, పాతదానిలా కనబడాలని హెడ్లోంచి గొట్టాలను కిందికి దిగేలా మలిచారు, రెక్కల్ని కూడా ఫ్లాట్‌హెడ్ తీరులో చెక్కారు. లోపల ఒక శతాబ్దం, బయట ఇంకో శతాబ్దం. పళ్ళన్నీ గట్టిగా ఉన్నవాడు తాతలా కనబడటానికి బోసినోరు కట్టించుకున్నట్టుంది అని రాయబోయి, పోలికల కోటా రోకళ్ళతోనే అయిపోయిందని మానుకుంటున్నాను.

మన వైపు కూడా ఒక కాయితం ఉంది. 2007లో భారత్, అమెరికా ఒక ఒప్పందానికి వచ్చాయి: మన మామిడిపళ్ళు అటు వెళ్తాయి, హార్లేలు ఇటు వస్తాయి. మామిడిపండుకు రేడియేషన్ పట్టించి, పురుగు లేదని నిరూపించి పంపాలి. హార్లే కోసం మాత్రం పొగ నిబంధనల్లో వేరే దారి తెరిచాం. పండుకు పరీక్ష, పొగకు మినహాయింపు. 2010లో అమ్మకాలు మొదలయ్యాయి, హర్యానాలోని బావల్లో బిగింపు పని పెట్టారు, పదేళ్ళు తిరిగేసరికి 2020లో మూటాముల్లె సర్దుకుని హీరో మోటోకార్ప్‌కు అప్పగించారు. 2023లో హీరో వాళ్ళు చేసిన హార్లే ఎక్స్440లో ఉన్నది ఒకే సిలిండరు. కోణమే లేదు. నూరేళ్ళు కాపాడిన వేదంలో మొదటి అక్షరమే లేని ఈ ప్రతిని మాత్రం ఏ సంప్రదాయవాదీ అడ్డుకోలేదు, మార్కెట్టు భాష్యకారులు ఆమోదించేశారు.

మిల్వాకీలో పని ఆగలేదు. 2016లో మిల్వాకీ-ఎయిట్ ఇంజను వచ్చింది. ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులు, రెండేసి ప్లగ్గులు, కోణం చెప్పక్కర్లేదు. టూరింగ్ బళ్ళలో దానికొక బ్యాలన్సరు బిగించారు. బండి నిలబడి ఉన్నప్పుడు పుట్టే అదురులో 75 శాతాన్ని అది తీసేస్తుందని కంపెనీ లెక్క. వంద తియ్యడం రాక కాదు, మిగతా పాతిక ఉండాలని. కొలిచి, తూచి, తగుపాళ్ళలో వదిలిన వణుకు. ఆ తర్వాత 2019లో లైవ్‌వైర్ అనే కరెంటు బండి తెచ్చారు. దాంట్లో పిస్టను లేదు, క్రాంక్‌పిన్ను లేదు, 315 లేదు, 405 లేదు, వణకడానికి కారణమంటూ ఒక్కటీ లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి ఆన్‌లో ఉందని తెలియడానికి అట, సీటు కింద గుండె కొట్టుకున్నట్టు చిన్నగా అదిరేలా మోటారుకు ప్రోగ్రాం రాశారు.